మూడు నియమములు

శీలమును గూర్చి వ్రాయువారు సాధారణముగ మనస్సుతోనే ఆరంభింతురు. ఏకాంతమున కూర్చుండి తన్ను తాను పరీక్షించుకొనుట, దినచర్య వ్రాసికొనుట, ప్రార్థనచేత కోరికలను అణచుకొనుట మున్నగు సాధనములు క్రైస్తవ గ్రంథములందు విస్తారముగ బోధింపబడినవి. అవి మంచివే. కాని ఏకాంతమన్నది ఎన్నడును ఎరుగనివారు, వ్రాత రానివారు, పగలెల్ల నొరుల పొలములోను రాత్రి యంతయు నొక గుడిసెలో పదిమందితోను గడుపువారు తమ నడవడిని దిద్దుకొనుట యెట్లు? విశ్వాసము వారి జీవనమున ఏ చోట కంటికి కనబడును? ఒంగోలు చుట్టుపట్ల పల్లెలలో 1866 మొదలు 1878 వరకు జరిగిన వృత్తాంతమును పరిశీలించినచో ఈ ప్రశ్నకు చక్కని సమాధానము దొరకును.

పూర్వవృత్తాంతమును క్లుప్తముగ చెప్పెదను. అమెరికను బాప్టిస్టు సంఘమువారు 1836లో తెలుగువారి నడుమ పని మొదలిడి, 1840లో నెల్లూరున స్థిరపడిరి. పాతికేండ్లవరకు ఫలము మిక్కిలి స్వల్పము. ఈ శాఖను మూసివేయుద మని అమెరికాలోని పెద్దలు పలుమారు తర్కించిరి. 1865లో జాన్ ఎవెరెట్ క్లౌ అను యువకుడు వచ్చెను. ఇతడు స్వదేశమున భూమి కొలుచు పని నేర్చినవాడు. ఆ విద్య తరువాత ఎట్లు అక్కరకు వచ్చెనో చూతము. 1866లో ఈయన ఒంగోలు చేరెను. ఆ యూరు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిది మందితో అచట క్రైస్తవసంఘ మేర్పడెను.

అంతకు ముందే యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ యాయనను కలిసికొనెను. పేరయ్య తోళ్ల వ్యాపారి. రాజయోగమును గురుముఖమున అభ్యసించినవాడు, తనకు గూడ శిష్యులను చేర్చుకొనినవాడు. ఇది గమనింపదగిన విషయము. మాదిగపల్లెలలో ఆత్మవిచారము బొత్తిగా లేదనియు, దానిని పాదిరులే తెచ్చి యిచ్చిరనియు తలచుట సరికాదు. వీరబ్రహ్మముగారి బోధలును, యోగుల బోధలును ఆ గుడిసెలలో అంతకు పూర్వమే వినబడుచుండెను. దేవుడొక్కడనియు, విగ్రహము దేవుడు కాదనియు పేరయ్య పాదిరిని చూడకమునుపే నమ్మియుండెను. అతడు క్రొత్తగా చేపట్టినది లోచూపు కాదు. ఆ లోచూపు ఊరి నడుమకు వచ్చి ఒక పనిని మానుకొనుట, మానుకొంటినని పదిమంది యెదుట చెప్పుట, ఇవి అతనికిని అతని వెనుక వచ్చినవారికిని క్రొత్త.

క్లౌ దొర పల్లెవారికి విధించిన నియమములు మూడు. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసము తినరాదు. విగ్రహములను కొలువరాదు. ఎంత పిన్నవానికైనను కంఠస్థమగు మాటలివి. చదువుకొన్న క్రైస్తవులు వీనిని చూచి, ప్రేమ, క్షమ, వినయము మొదలగు గొప్ప గుణములను విడిచి ఈ చిల్లర విధులనా మతముగా బోధించుట యని నవ్వవచ్చును. నవ్వుటకు ముందు నాటి పల్లెలో ఒక్కొక్క నియమమునకు ధర యెంతయో విచారింపవలెను.

మొదట మాంసముమాట. మాదిగకుటుంబము రైతుయింటిని అంటిపెట్టుకొని బ్రతికెడిది. బావిలోనుండి నీరు తోడు మోటకు తోలుబొక్కెన కుట్టుట, చెప్పులు కుట్టుట, కళ్లమున పనిచేయుట వారి విధి. దానికి ప్రతిఫలముగా పంటకాలమున కొంత గింజయు, ఆ యింట చచ్చిన పశువును వారికి వచ్చెడివి. కావున ఆ కళేబరము ఆహారము మాత్రమే కాదు, కూలిలో నొక భాగము, హక్కు, హక్కుతోపాటు దానిని ఊరిబయటికి ఈడ్చుకొని పోవలసిన బాధ్యత. ఈడ్చుకొని పొమ్మని యాజ్ఞాపించు నోరే, దానిని తిన్నందుకు వారిని అసహ్యించుకొనెడిది. ఈ మాంసమును మానినవాడు తన కూలిలో కొంత వదలుకొన్నట్లే. వేరొక చిక్కు గలదు. పశువులు అధికముగ చచ్చునది ఎండలు ముదిరి గడ్డి మాడినపుడు. అనగా మనుష్యులకు తిండి దొరకని దినములలోనే. ఈ నియమము తేలికగా నున్నపుడు దాని యక్కర లేదు. అక్కర వచ్చినపుడు అది కత్తివలె నుండెడిది.

ఇందొక సందేహమునకు తావున్నది. పైకులములవారి శుచి యశుచి భావములనే పాదిరులు మాదిగల నెత్తిన రుద్దిరి గదా యని కొందరందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను 1927లో మహద్‌లో డాక్టరు అంబేద్కరుగారు సమావేశపరచిన సభలలో గూడ చచ్చిన పశువుల మాంసము మానవలెనను బోధయే వినబడెను. ఆయనకు పాదిరులతోను వారి మతముతోను పని లేదు. ఒకరు పారవేసినదాని మీద ఆధారపడి బ్రతుకువాడు తల యెత్తజాలడన్న సంగతిని, ఏబదియేండ్ల యెడమున, రెండు వేరు దారులనుండి వచ్చినవారు కనుగొనిరి. కావున దీనిని శుచిత్వపు పట్టుదల యని తోసివేయుటకు నాకు మనసొప్పదు.

విగ్రహములమాట మరింత కష్టము. మాదిగ తన గుడిసెలో ఏ దేవతను కొలిచినను, కొలువకున్నను ఊరికి పట్టదు. కాని పోలేరమ్మ జాతరలో, అంకమ్మ కొలువులో తప్పెట కొట్టవలసినవాడు మాదిగ. తప్పెట లేనిదే జాతర లేదు. పోలేరమ్మ మశూచికమునకు దేవత. క్రైస్తవుడైన మాదిగ తప్పెట పట్టనని చెప్పినచో అది తన మతమునకు సంబంధించిన సంగతిగా నిలువలేదు. ఊరి పిల్లల ప్రాణములను పణముగ పెట్టినట్లు రైతులకు తోచెను. వారి భయము కపటము కాదు. అందుకే వారి కోపమును తీవ్రమయ్యెను. పని యియ్యకుండుట, దెబ్బలు, నీటికి పోవు దారి నడ్డగించుట, దొంగతనపు నేరములు మోపి కచ్చేరీకి ఈడ్చుట వంటివి ఆ కాలపు పల్లెలలో జరిగినవి. పాదిరి ఒంగోలులో నుండెను. దెబ్బలు తిన్నవాడు పల్లెలో నుండెను. ఈ భేదమును మరచి ఈ చరిత్రను చదువరాదు.

ఇక ఆదివారము. వారమునకొక విశ్రాంతిదిన మను భావమే మన సేద్యమున లేదు. అమావాస్య, పండుగ, వాన, ఇవియే విరామములు. పాలేరు అప్పు తీర్చుటకై యేటికి కుదిరినవాడు. అతని యేడు దినములును రైతువి. నాట్లకాలమున, కోతకాలమున ఒక దినము రానన్నచో రైతునకు నిజముగనే నష్టము. ఇందు మతద్వేష మక్కరలేదు, లెక్క చాలును. మాంసమును చీకటిలో తినవచ్చును, ఎవరికి తెలియును? ఆదివారము పొలమునకు రానివాని చోటు మాత్రము అందరికిని కనబడును. ఒక విధముగ మూడింటిలో నెక్కువ ధైర్యము కోరినది ఇదియే యని నాకు తోచుచున్నది. తన కాలములో ఏడవపాలు తనదియని పాలేరు చెప్పుట యది. అది దేవునిదని అతడు చెప్పెను. రైతునకు వినబడినది మాత్రము, నీది కాదు అన్న మాటయే.

ఇట్లు పదేండ్లు గడచెను. బోధకులు తయారగుటకై 1872లో రామాయపట్నమున వేదాంత పాఠశాల నెలకొల్పబడెను. అంతలో 1876లో వానలు తప్పెను. చెన్నపట్టణపు రాజధాని యంతట 1878 వరకు సాగిన ఆ మహాక్షామమున లక్షలకొలది ప్రజలు మడిసిరి. 1877లో సర్ రిచర్డు టెంపిలు కరువుపనులలో పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక యణాయును చాలునని నిర్ణయించెను. ఎండలో మట్టి మోయువానికి ఆ గింజ చాలదని వైద్యులే మొరపెట్టిరి. అప్పటి గవర్నరు బకింగుహాము ప్రభువు. ఆయన పేరిట బకింగుహాము కాలువ యనబడిన తీరపు కాలువత్రవ్వకము కరువుపనులలో నొకటి. అందు సుమారు మూడున్నర మైళ్ల భాగమును క్లౌ దొర గుత్తకు తీసికొనెను. భూమి కొలుచు విద్య అచట పనికి వచ్చెను. ఆయన బోధకులే మేస్త్రీలైరి. పల్లెలనుండి తరలివచ్చిన కూలీలు పగలు మట్టి తీసి, రాత్రి గుడిసెలకడ బోధకుల మాటలు వినిరి. వచ్చినవారందరును మాదిగలు కారు. అన్ని కులములవారును ఆ గట్టున నుండిరి.

ఇచటనే నేను ఈ వృత్తాంతమంతటికిని మూలమని తలచు నిర్ణయము జరిగెను. బాప్తిస్మమిమ్మని యడుగువారు గుంపులుగా రాసాగగా క్లౌ ఆ ద్వారమును మూసెను. సుమారు పదునైదు నెలలు ఎవ్వరికిని బాప్తిస్మ మియ్యలేదు. గింజ పంచునట్టి చేయియే బాప్తిస్మము గూడ నిచ్చినచో, వచ్చినవాడు దేనికై వచ్చెనో ఇచ్చువానికి తెలియదు, వచ్చినవానికే తెలియకపోవచ్చును. ఆకలిగొన్నవానిని పట్టుకొని, నీ హృదయమును పరీక్షించుకొమ్మని చెప్పుట క్రూరమైన పరిహాసము. అందుచే క్లౌ అట్టి పరీక్షకు కాలమే ఈయక, ముందు కడుపుమాట చూచెను. ఇందుకు ఆయనను మెచ్చుకొందును. సంఖ్య పెంచుకొనుటకు అంతకన్న మంచి సమయము ఏ పాదిరికిని దొరకదు. దానిని వదలుకొనుట ఆయనవంతు శీలపరీక్ష.

1878 నడిమికి కాలువపని ముగిసెను, సహాయధనము గూడ ముగియుచు వచ్చెను. పంచుటకింక ఏమియు లేదని తెలిసిన తరువాతను జనులు మరలలేదు. గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికడ వేలకొలది చేరిరి. తమకు ధనము వద్దనియు, పని చేసిన గుర్తులు తమ యరచేతులలోనే యున్నవనియు, వచ్చు పంటయు పోయినచో చత్తుమనియు, చచ్చునప్పుడైనను క్రైస్తవులుగా చావగోరితిమనియు వారు చెప్పినట్లు క్లౌ వ్రాసియుంచెను. జులై 3వ తేదీన రెండువేల రెండువందల యిరువదిరెండుగురు ఆ యేటిలో బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున దిగి ఆ పని నెరవేర్చిరి. ఆయా పల్లెల బోధకులే తమవారిని గూర్చి సాక్ష్యము చెప్పిరి.

ఆ సంఖ్య అమెరికాలోని పత్రికలకెక్కి గొప్ప సంచలనము కలిగించెను. సంతోషించినవారును, అనుమానించినవారును గలరు. తిండికై మతము మార్చుకొన్నవారను నింద మన దేశమున నేటికిని వినబడుచున్నది. తిండి దొరకినన్నాళ్లు ద్వారము మూయబడియుండెననియు, అది తెరచునాటికి తిండి లేదనియు మీదనే చెప్పితిని. అంతమాత్రమున ఆ రెండువేలమందియు పరిశుద్ధులైరని నేననను. పంచిపెట్టినచోటికి మరల పంచుదురను ఆశతో వచ్చినవాడు గూడ ఆ గుంపులో నుండవచ్చును. కుటుంబపెద్ద దిగినాడు గనుక దిగినవారు తప్పక యుండిరి. ఒకే దినమున అంతమందికి నిండుగా బోధ జరిగి యుండదు. తరువాతి పాదిరులలో కొందరు ఈ తొందర తగదని వాదించిరి. వారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు.

ఆ దశాబ్దముననే గోదావరీతీరమున కందుకూరి వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి దురాచారములపై కలముతో యుద్ధము చేయుచుండిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. ఆ వివాహమునకు వచ్చినవారికి వెలి యను శిక్ష గలదు. దాని బాధను మన సాహిత్యము చక్కగా వర్ణించినది, ఎందుకన వారందరు వ్రాయనేర్చినవారు. గుండ్లకమ్మతీరమున తప్పెట క్రింద పెట్టినవారికిని వెలి గలదు. అయితే వారు ఊరినుండి వెలివేయబడుట కొత్తగాదు. వారు పుట్టుకతోనే ఊరిబయటివారు. వారినుండి లాగుకొనదగినది కూలి యొక్కటే. దానినే లాగుకొనిరి. సంస్కారచరిత్ర వ్రాయువారు ఈ రెండు తీరములను ఒకే పుటలో చూచుట యరుదు.

వెల్లంపల్లినుండి జనులు తమ పల్లెలకు మరలిపోయిరి. అచటి పొలము, కళ్లము, జాతర ఎప్పటివలెనే యుండెను. అంతమందిని కనిపెట్టి యుండుట ఒంగోలులోని ఒక పాదిరికి సాధ్యము కాదు. కావున క్లౌ పల్లెలలో పూర్వమునుండి యున్న పెద్దల పంచాయితీని తొలగింపక, ఆ పెద్దలకే సంఘపు భారము నప్పగించెను. ఆయన 1910లో మరణించెను. ఆయన వృత్తాంతము 1914లో పుస్తకరూపమున వెలువడెను. అందు ఈ పద్ధతిని గూర్చి ఆయన విస్తారముగ చెప్పియున్నాడు. పాశ్చాత్యసంఘపు కట్టుబాట్లను మనవారికి తగిలించుటకన్న ఇది మేలని ఆయన యభిప్రాయము. దానికి నా బుద్ధికి తోచు కారణము మరింత సామాన్యమైనది. ఎవని కుండలో ఏ మాంసము ఉడికెనో, ఆదివారమునాడు ఎవడు మోట తోలెనో, జాతరరాత్రి తప్పెట ఎవని చేతిలో నుండెనో ఆ పల్లెపెద్దలకు తప్ప ఇంకెవరికిని తెలియదు.