తలుపు తట్టి నిద్రలేపిన పోలీసు

తెల్లవారుజామున నాలుగింటికి పోలీసు వచ్చి తలుపు కొడితే ఎవరికైనా గుండె జారిపోతుంది. విక్టోరియా రాణి కాలంనాటి లండన్‌లో మాత్రం ఆ చప్పుడు కోసం కూలీలు డబ్బులిచ్చి మరీ ఎదురుచూసేవాళ్ళు. గడియారం కొనే స్తోమత లేనివాళ్ళు తమ వీధిలో గస్తీ తిరిగే కానిస్టేబుల్‌తో ముందే మాట్లాడుకుని, వారానికి కొద్ది పెన్నీలు ముట్టజెప్పేవారు. ఆయన బీటు తిరుగుతూ తిరుగుతూ, చెప్పిన వేళకు వచ్చి తలుపు తట్టేవాడు.

ఈ సంగతి కోర్టు కాగితాలకు కూడా ఎక్కింది. 1888 ఆగస్టు 31న లండన్ తూర్పు పేటలోని బక్స్ రో అనే సందులో ఒక స్త్రీ పడి ఉండటం ఇద్దరు బండి తోలేవాళ్ళ కంటబడింది. పనికి ఆలస్యమవుతోందని పరుగున పోతూ దారిలో కనిపించిన కానిస్టేబుల్ మైజన్‌కు చెప్పారు. ఆయన అప్పుడు ఇళ్ళ తలుపులు కొట్టి జనాన్ని లేపుతున్నాడు. జాక్ ది రిప్పర్ హత్యల్లో మొదటిదిగా చాలామంది లెక్కించేది ఆ ఘటననే. ఆ విచారణలో నిద్రలేపే పని ప్రస్తావన కూడా వచ్చింది.

గస్తీ అంతకు ముందూ ఉంది. 1285 నాటి వించెస్టర్ శాసనం రాత్రి కావలి ఊరి బాధ్యత అంది. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళు ముసలి కావలివాళ్ళు లాంతరు, కర్ర పట్టుకుని, గంట గంటకూ వేళ అరుస్తూ తిరిగారు. వాళ్ళు కూర్చునే చెక్కగూళ్ళను లోపల మనిషి ఉండగానే బోర్లా పడదోయడం డబ్బున్న కుర్రకారుకు వేడుక.

1829లో హోంమంత్రి రాబర్ట్ పీల్ మెట్రోపాలిటన్ పోలీసు చట్టం తెచ్చాడు. చార్లెస్ రోవన్, రిచర్డ్ మేన్ కమిషనర్లయ్యారు. సెప్టెంబర్ 29 సాయంత్రం తొలి దళాలు వీధుల్లోకి వచ్చాయి. సైనికుల ఎర్రకోటు చూస్తే జనం మండిపడతారని నీలం కోటు, పొడవాటి టోపీ ఇచ్చారు. వారానికి 21 షిల్లింగుల జీతం. నెం.1 వారెంటు అందుకున్న విలియం అట్కిన్సన్ తాగి డ్యూటీకి వచ్చాడని తొలిరోజే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నాలుగేళ్ళ తర్వాత కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ అల్లర్లలో కానిస్టేబుల్ రాబర్ట్ కల్లీ కత్తిపోటుకు చనిపోతే, అది న్యాయమైన హత్యేనని స్థానిక జ్యూరీ తీర్పు చెప్పింది. మొదట్లో వాళ్ళంటే జనానికి అంత మంట.

ఆ మంటను చల్లార్చింది నడకే. గంటకు రెండున్నర మైళ్ళు, అంతకు మించకూడదు. పగలు కాలిబాట బయటి అంచున నడవాలి, రాత్రి ఇళ్ళను ఆనుకుని నడుస్తూ ప్రతి తలుపూ నెట్టి చూడాలి. కొందరు గడపకు అడ్డంగా సన్నటి దారం కట్టి పోయేవారు. రెండో చుట్టులో అది తెగి ఉంటే లోపలికి ఎవరో దూరారన్నమాట! నడుముకు లాంతరు, చేతికి చారల పట్టీ. డ్యూటీలో లేనప్పుడు కూడా యూనిఫాంలోనే ఉండాలనే నిబంధన ఉండేది కాబట్టి, ఎవరు పనిలో ఉన్నారో జనానికి తెలియడానికి 1830లో ఎడమ మణికట్టుకు ఆ నీలం తెలుపు పట్టీ పెట్టారు. అది 1968 దాకా సాగింది.

ఈ నడక ఎంత కచ్చితమో చెప్పడానికి సిటీ పోలీసు కానిస్టేబుల్ వాట్కిన్స్ సాక్ష్యం చాలు. ఆయన బీటు చుట్టి రావడానికి 12 నుంచి 14 నిమిషాలు పట్టేది. 1888 సెప్టెంబర్ 30 రాత్రి ఒకటిన్నరకు మైటర్ స్క్వేర్ చూశాడు, ఎవరూ లేరు. 1.44కు మళ్ళీ వచ్చేసరికి, రిప్పర్ చేతిలో బలైనవారిలో ఒకరిగా లెక్కించే కేథరిన్ ఎడోస్ శవం పడి ఉంది. అంత క్రమం తప్పని నడక హంతకుడికీ అక్కరకొచ్చి ఉండవచ్చు. గస్తీకి ఉన్న పెద్ద లోపం అదే.

తర్వాతి కథ పరికరాలది. చేతితో తిప్పి మోగించే గిలక పోయి 1880ల్లో బర్మింగ్‌హామ్ హడ్సన్ కంపెనీ ఈల వచ్చింది. 1930ల నాటికి వీధి మూలల్లో నీలిరంగు పోలీసు గూళ్ళు, లోపల టెలిఫోను. 1937లో 999 నంబరు. 1960ల్లో పాండా కార్లు. కారెక్కిన పోలీసు తొందరగా చేరుకున్నాడు, కానీ వీధికి కొత్తవాడైపోయాడు. ఆ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టలేదు.

1984లో బ్రిటిష్ హోం శాఖ పరిశోధకులు ఇంకో లెక్క కట్టారు. లండన్‌లో కాలినడకన తిరిగే పోలీసు, జరుగుతున్న దొంగతనానికి వంద గజాల దూరంలోకి రావడం సుమారు ఎనిమిదేళ్ళకోసారి! దీన్ని చూపి గస్తీ దండగ అన్నారు. దొంగల్ని పట్టడం ఒక్కటే గస్తీ పని అనుకుంటేనే ఆ వాదన నిలుస్తుంది. ఏ ఇంటివాడు ఎన్నింటికి పనికి పోతాడో ఎరిగిన మనిషి వీధిలో తిరగడం వల్ల కలిగే ధైర్యం ఆ లెక్కలో లేదు.

ఇక మన సంగతికొస్తే, మద్రాసు నగరానికి 1856లో పోలీసు కమిషనర్ వచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు మాత్రం 1859 మద్రాసు పోలీసు చట్టంతో వచ్చింది లండన్ నమూనా కాదు, ఐర్లండ్‌ను అదుపులో పెట్టడానికి పుట్టిన సాయుధ దళం ఛాయలున్న పోలీసు. మనవాళ్ళకు పోలీసంటే బెదురు ఎక్కువ, చనువు తక్కువ కావడానికి ఈ తేడా కూడా ఒక కారణమే.

ఇప్పుడు మన నగరాల్లో బీటు కానిస్టేబుల్ బండి మీద వస్తాడు, పాయింట్ బుక్‌లో సంతకం పెట్టో, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసో వెళ్ళిపోతాడు. ఆయన వచ్చాడనడానికి ఆ రుజువు సరిపోతుంది, వీధిని ఎరుగుననడానికి సరిపోదు. ఒక మనిషిని ఒకే బీటులో కనీసం రెండేళ్ళు ఉంచి, వారంలో కొన్ని రాత్రులైనా నడిచి తిరగనివ్వమని పోలీసు ఉన్నతాధికారులను కోరాల్సింది మనమే.