కుంచము నుండి కిలోగ్రాము వరకు

కళ్ళములో ధాన్యము కొలుచునపుడు కొలగాడు మొదటి కుంచమును ‘ఒకటి’ యనడు, ‘లాభము’ అనును. ఆ పిమ్మటనే రెండు, మూడు. కొలతను మన పెద్దలు ఎంత శుభకార్యముగా భావించిరో తెలుపుటకు ఈ ఒక్క మాట చాలును. అయితే ఆ లాభము ఎవరిది? కొలిచి యిచ్చువానిదా, కొలిపించుకొనువానిదా? మన కొలతల చరిత్ర యంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచము. నాలుగు కుంచములు తూము. ఇరువది తూములు పుట్టి. ఈ లెక్కన పుట్టికి 1280 సోలలు. త్రాసు లేని పల్లెలో సైతము ఎంతటి రాశినైనను పూట గడచులోపల లెక్కించుటకు ఇంతకన్న సులువైన సాధనము లేదు.

చిక్కంతయు పాత్రలో నున్నది. ఒక ఊరి కుంచము పొరుగూరి కుంచముతో సరిపోదు. పాత్ర ఒక్కటే యైనను, తల కొట్టి కొలిచిన నొక లెక్క, గోపురముగా పోసి కొలిచిన మరియొక లెక్క. కుదించి పోసినచో గింజలు మరికొన్ని పట్టును. అప్పిచ్చునపుడు తల కొట్టి, తీర్చుకొనునపుడు గోపురము నిలిపినచో, వడ్డీతో పని లేకయే అప్పు పెరుగును. ఆ నష్టము బీదరైతుదే.

తూకము ఈ చిక్కును తీర్చును. కాని కొలతను తూకములోనికి మార్చుటకు అన్నిటికిని చెల్లు అంకె యొక్కటి లేదు. లీటరు పాత్రలో నీరు ఇంచుమించు 1 కిలోగ్రాము తూగును. బియ్యము సుమారు 800 గ్రాములు. వడ్లు పొట్టుతో నుండుటచే 600 గ్రాములకు లోపుగనే తూగును. గింజల నడుమ గాలికిని చోటున్నది గదా! కావున ‘కుంచమునకు ఎన్ని కిలోలు?’ అని యడుగువారిని, ‘ఏ ఊరి కుంచము? ఏ గింజ? ఎట్లు పోసినది?’ అని మనము తిరిగి యడుగవలసియే యుండును.

దేశమంతటికిని ఒకే తూనిక కావలెనను యోచన పాతదే. కిలోగ్రామునకు సమానమైన సేరును నిర్ణయించుచు 1871లో చట్టము చేసిరి గాని, అది అమలులోనికి రాలేదు. 1939 నాటి చట్టము 80 తులముల సేరును ప్రమాణముగా నిలిపినది. అది సుమారు 933 గ్రాములు. స్వాతంత్ర్యానంతరము 1956లో మెట్రిక్ పద్ధతికి చట్టమేర్పడినది. 1958 అక్టోబరు మొదలు అంచెలంచెలుగా అమలై, 1962 నాటికి కిలోగ్రాము దేశమంతటను చట్టబద్ధమైన తూనికగా నిలిచినది. నేడు 2009 నాటి తూనికలు కొలతల చట్టము వర్తించుచున్నది.

సేరును కిలోగా మార్చుటకు పట్టిక చాలినది. కుంచమును మార్చుటకు పట్టిక చాలలేదు. ధాన్యమును త్రాసులో పెట్టి చూడక తప్పలేదు. అందుచే మారినది అంకె మాత్రమే కాదు. కొలిచెడు చేతిని నమ్ముటకు మారుగా, ముద్ర పడిన రాయిని పరీక్షించు హక్కు కొనువానికి లభించినది.

త్రాసు వచ్చినంతనే మోసము మాసిపోలేదు. కాని త్రాసు మోసమును మరల తూచి బయట పెట్టవచ్చును. గోపురము కూలిన పిమ్మట దాని యెత్తు ఎంతయో ఎవరును చెప్పలేరు. మన వంటయిండ్లలో సోలయు గ్లాసును నేటికిని ఉన్నవి; ఇంటివారికి వండుకొనుటకు అవి చాలును. ఇచ్చిపుచ్చుకొనుట యున్నచోట మాత్రము తూకమే ధర్మము.