తోడేలుకు దక్కని వేషం

అంతర్జాలంలో చాలా ఏళ్ళుగా సాగుతున్న రాత ఆట ఒకటుంది. ఆడేవారు ఒక్కొక్కరూ ఒక్కో తోడేలు పాత్రను ఎంచుకుంటారు. ఒకరు కొంత కథ రాసి విడిచిపెడితే, మరొకరు తమ తోడేలు తరఫున అందుకుంటారు. అలా వంతులవారీగా ఒక గుంపు చరిత్ర పెరుగుతూ పోతుంది. కథలు రాయాలని కుతూహలపడే యువతకు ఇది మంచి అభ్యాసమని నా అభిప్రాయం. అయితే ఆ ఆటలలోని అడవులు ఎక్కువగా మంచు దేశాలవి. తోడేలు మన కర్నూలు, కడప మెట్టభూములదీ కదా, మన ఆటపాటలలో దానికి చోటెందుకు లేదు?

వేషం కట్టడం మనకు కొత్త కాదు. పీర్ల పండుగనాడు ఒంటికి రంగులు పూసుకుని పులివేషాలు ఆడడం సీమ ప్రజలకు సుపరిచితమే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు 'కీచకవధ'తో ఆరంభించిన నాటక సమాజం తరతరాలుగా కుటుంబమంతా వేషాలు వేసే సంప్రదాయమై నిలిచింది. బండలపై గీతలు గీసి ఆడుకునే పులిజూదంలో మేకలను చంపేది పులే.

'నాన్నా పులి' కథనే చూడండి. ఈసపు పేర చెలామణి అయ్యే గ్రీకు మూలంలో గొర్రెల మీద పడేది తోడేలు. తెలుగులోకి వచ్చేసరికి దాని స్థానాన్ని పులి ఆక్రమించింది. గొర్రెల దొడ్డి చుట్టూ రాత్రుళ్ళు తిరిగే జంతువేదో మెట్ట ప్రాంతపు కాపరికి తెలియనిది కాదు. నాకు తోచే కారణం ఒకటే. పులి నల్లమలలో ఎక్కడో ఉండే రాజసం, తోడేలు వాకిటి నష్టం. నష్టానికి ఎవరు వేషం కడతారు?

విచిత్రమేమిటంటే, మనం కట్టని ఆ వేషాన్ని సీమదేశస్థుల పిల్లలు కట్టారు. కిప్లింగు 1894లో వెలువరించిన 'జంగిల్ బుక్'లోని అకేలా మధ్య భారతపు తోడేలు. ఆ కథను ఆధారం చేసుకుని బేడెన్ పవెల్ 1916లో చిన్నపిల్లల కోసం 'వుల్ఫ్ కబ్స్' శాఖను నెలకొల్పాడు. పిల్లలు తోడేలు కూనలు, వారి నాయకుడు అకేలా.

అదే కాలంలో ఇక్కడ జరిగింది వేరు. బ్రిటిషు ప్రభుత్వం తోడేళ్ళ తలలకు వెల కట్టింది. 1875 నుండి 1925 వరకు యాభై ఏళ్ళలో దేశంలో రెండు లక్షల తోడేళ్ళు హతమయ్యాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాకనే వాటికి రక్షణ లభించింది. 2022లో ప్రకటితమైన ఒక అంచనా ప్రకారం దేశమంతటా ఎదిగిన తోడేళ్ళు మూడు వేల పైచిలుకు మాత్రమే.

నందికొట్కూరు సమీపాన రోళ్ళపాడు గడ్డిమైదానాన్ని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. నేడది నంద్యాల జిల్లాలో ఉంది. విస్తీర్ణం సుమారు 614 హెక్టార్లు. బట్టమేక పక్షి కోసం ఏర్పడిన ఆ నేలలో కృష్ణజింకలూ, తోడేళ్ళూ తలదాచుకున్నాయి. గడ్డినేలను బంజరుగా లెక్కగట్టే మన అలవాటుకు ఆ ప్రాణులన్నీ మూల్యం చెల్లించాయి.

తోడేలు పాత్ర రాయదలచినవారికి మరొక మాట. గుంపులో పోరాడి గెలిచినదే 'ఆల్ఫా' అనే ఊహకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించిన తోడేళ్ళపై రాసిన పరిశీలన. 1970లో తన గ్రంథం ద్వారా దానికి ప్రచారం కల్పించిన డేవిడ్ మెక్, 1999లో తానే దానిని సవరించాడు. స్వేచ్ఛగా తిరిగే గుంపు సాధారణంగా ఒక కుటుంబం. తల్లీ తండ్రీ నడిపిస్తారు, పెద్దపిల్లలు చిన్నవాటిని సాకుతాయి. సురభివారి సమాజం ఎలా నడిచిందో ఎరిగిన మనకు ఇది అర్థం కాని సంగతి కాదు.

కనుక ఆ ఆట ఆడండి. మంచుకొండల బదులు రోళ్ళపాటి ఎండుగడ్డిని, ఎండిన వంకను, దూరాన కాపరి కుక్క మొరుగును రాయండి. వంతులలో ఒకటి ఆ కాపరికీ ఇవ్వండి. పోయిన గొర్రెపిల్ల విలువ అతనికే తెలుసు.