"మందు" అను మాట

మద్యమునకు మన వాడుకలో "మందు" అను మారుపేరు స్థిరపడిపోయినది. సంస్కృతమందలి "మద్యము" అరిగి "మందు" అయినదని కొందరందురు. అది సరికాదు. మద్యము మత్తును తెలుపు "మద్" ధాతువునుండి పుట్టినది. మందు అచ్చమైన దేశిపదము. తమిళమున "మరుందు", మలయాళమున "మరున్ను", పాత కన్నడమున "మర్దు", నేటి కన్నడమున "మద్దు" దీనికి తోబుట్టువులు. అన్నిటికిని మొదటి అర్థము ఔషధమే.

కొద్దిగా వాడినను గట్టిగా పనిచేయు వస్తువులకెల్ల ఈ పేరు ప్రాకినది. తుపాకిలో దట్టించునది మందు. "మందుగుండు" అట్లు వచ్చినదే. పురుగుపట్టిన పైరుకు చల్లునది మందు. వశీకరణకు పెట్టుదురనునదియు మందే.

మన కోలారు బంగారు గనులలో ఈ అర్థములన్నియు ఒకచోట చేరినవి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినది మొదలు 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడువరకు, రాతికి బెజ్జములు వేసి దట్టించి పేల్చినది మందు. మూడు కిలోమీటర్లకు మించిన లోతువరకు గని దిగినది దాని బలముననే. రాతిధూళికి ఊపిరితిత్తులు చెడినవానికి ఆసుపత్రిలో ఇచ్చినది మందు. ఒంటినొప్పులు తీరునని చెప్పుకొని, కూలి డబ్బుతో కొందరు త్రాగినదియు "మందే". మొదటి రెండును ఆ పేరుకు తగినవి. మూడవది దానిని అరువు తెచ్చుకొన్నది.

ఇరుగుపొరుగువారును ఇట్లే చేసిరి. తమిళులు దానిని "తణ్ణి", అనగా నీళ్లు, అందురు. కన్నడిగులు "ఎణ్ణె", అనగా నూనె, అందురు. సర్కారువారి "ఆబ్కారీ"లోని పారసీ "ఆబ్"కును నీరనియే అర్థము. ఇంగ్లీషువారి "అరాక్"కు మూలమైన అరబ్బీ "అరఖ్"కు మాత్రము చెమట అని అర్థము. బట్టీలో ఆవిరి చెమటబొట్లవలె దిగును గదా! కార్మికుని చెమట ఎంత ఈ చెమటకు పోయినదో లెక్క కట్టినవారెవరు?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తిరుగబడినప్పుడు దానిని మందు అనలేదు, సారా అనిరి. అది సారా వ్యతిరేకోద్యమముగనే పేరు పొందినది. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. కర్ణాటకమున 2007 జూలైలో. త్రాగువారు ముద్దుపేరు పెట్టిరి. ఇంట ఆకలితో నున్నవారు అసలు పేరు పలికిరి.

ఉగాది పచ్చడిలోని వేపపూవు చేదైనను మందే. పిల్లలు "మందనగా నేమి?" అని అడిగినచో దానినే చూపుదము. సీసాలోనిదానిని దాని పేరుతోనే పిలుతము.