వీడియో గేమ్‌ల ఎదుగుదల కాపీరైట్ చలవేనా?

వీడియో గేమ్ పరిశ్రమ చరిత్ర రాసేవాళ్లలో చాలామంది ఒకే కథ చెబుతారు. మొదట్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కాపీ కొట్టారట. ఆ అరాచకం వల్లే 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలిందట. ఆ తర్వాత నింటెండో వచ్చి తాళం వేసిందట, చట్టం దానికి అండగా నిలిచిందట, పరిశ్రమ బతికి బట్టకట్టిందట. రక్షణ ఎంత బిగిస్తే ఎదుగుదల అంత అనే వాదనకు ఈ కథే పునాది. సంవత్సరాలను వరసగా పేర్చి చూస్తే ఇది నిలవదు.

తొలి దశ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1972లో అటారీ ‘పాంగ్’ తెచ్చింది, వెంటనే దాని నకళ్లు పుట్టుకొచ్చాయి. అటారీ మీద మాగ్నవాక్స్ సంస్థ వేసిన దావా కూడా పేటెంట్‌దే, 1976లో రాజీతో ముగిసింది. ఆటకు కాపీరైట్ ఉందా లేదా అన్నది అప్పటికి తేలలేదు. 1980లో అమెరికా తన చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం ప్రస్తావన చేర్చింది. 1982లో ‘స్క్రాంబుల్’, ‘డిఫెండర్’ కేసుల్లో అప్పీలు కోర్టులు తెర మీద కదిలే బొమ్మలకూ, చిప్‌లో దాగిన ప్రోగ్రాంకూ రక్షణ ఉందని తేల్చాయి.

అసలు చిక్కంతా 1981–83 మధ్య కాలంతోనే. 1981లో మేరీలాండ్ కోర్టుకు ‘మీటియర్స్’ అనే ఆట వచ్చింది. అది అటారీ వారి ‘ఆస్టెరాయిడ్స్’కు చాలా దగ్గర: అంతరిక్షంలో ఓడ, మీదికి వచ్చే రాళ్లు, పేలిస్తే చిన్న ముక్కలుగా చీలిపోవడం. జడ్జి 22 పోలికలు లెక్కపెట్టాడు. అయినా అటారీ ఓడింది. రాళ్లను కాల్చే ఆట అనుకున్నాక ఆ పోలికలు తప్పవనీ, ఆలోచన ఎవరి సొత్తూ కాదనీ కోర్టు చెప్పింది.

మరుసటి ఏడే గాలి మళ్లింది. ఫిలిప్స్ అమెరికా శాఖ అమ్మిన ‘కె.సి. మంచ్‌కిన్’ మీద, ఇంటి యంత్రాలకు ‘ప్యాక్-మ్యాన్’ హక్కులున్న అటారీ దావా వేసింది. ప్యాక్-మ్యాన్‌లో చుక్కలు కదలవు, దారులన్నీ వాటితో నిండి ఉంటాయి. మంచ్‌కిన్‌లో ఉన్నవి 12 చుక్కలే, అవీ పరుగెడుతూ ఉంటాయి. చుక్కలు తగ్గేకొద్దీ వాటి వేగం పెరుగుతుంది. ఆడేవాడికి ఇది వేరే ఆట. కింది కోర్టు అమ్మకాలు ఆపడానికి ఒప్పుకోలేదు. 1982 మార్చిలో అప్పీలు కోర్టు మాత్రం నోరు తెరుచుకు తిరిగే ఆ గుండ్రటి ప్రాణీ, వెంటపడే దయ్యాలూ మరీ ఒకేలా ఉన్నాయంటూ అమ్మకాలు ఆపించింది. దయ్యాల విషయంలో ఆ తీర్పును తప్పుపట్టలేం. కానీ కొత్తదనమున్న ఆట కూడా వాటితోపాటే అంగళ్ల నుంచి పోయింది.

అంటే 1982 ముగిసేసరికి హక్కుదారుల చేతిలో అంతకుముందెన్నడూ లేనంత బలమైన చట్టం ఉంది. మార్కెట్ కూలింది దాని తర్వాతి ఏడాది. 1983లో సుమారు 320 కోట్ల డాలర్లున్న అమెరికా మార్కెట్ 1985 నాటికి 10 కోట్లకు పడిపోయిందని సాధారణంగా చెప్పే లెక్క. ఈ పతనానికి గుర్తుగా అందరూ చెప్పుకునే సరుకు ఏదో చూడండి. న్యూ మెక్సికోలోని అలమగోర్డో చెత్తదిబ్బను 2014 ఏప్రిల్‌లో తవ్వినప్పుడు బయటపడిన క్యాట్రిడ్జులు దొంగ సరుకు కాదు, అటారీ సొంత సరుకే. వాటిలో ముఖ్యమైనది ‘ఇ.టి.’. సినిమా హక్కులను కోట్ల డాలర్లు పోసి కొని, 1982 క్రిస్మస్ అమ్మకాల కోసం ఐదారు వారాల్లో ముగించిన ఆట. అదే ఏడాది అటారీ తెచ్చిన ఇంటి ప్యాక్-మ్యాన్ కూడా హక్కులు కొన్నదే, పాలిపోయిన బొమ్మలతో కొన్నవాళ్లను నిరాశపరిచిందీ అదే. లైసెన్సులన్నీ సక్రమంగానే ఉన్నాయి, లోపమంతా ఆటల్లోనే ఉంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. అటారీ నుంచి బయటికొచ్చిన ప్రోగ్రామర్లు 1979లో యాక్టివిజన్ పెట్టారు. అటారీ దావా వేసి 1982లో రాజీపడటంతో, ఎవరైనా ఎవరి యంత్రానికైనా ఆటలు చేయొచ్చని తేలిపోయింది. నాసిరకం ఆటలు వెల్లువెత్తడానికి అదొక కారణం, కాదనను. అయితే అది తలుపు తెరిచి ఉండటం వల్ల వచ్చిన ఇబ్బంది, కాపీ వల్ల వచ్చింది కాదు. పైగా ఆ తలుపులోంచే ‘పిట్‌ఫాల్’ లాంటి అటారీ యంత్రపు మేలైన ఆటలూ వచ్చాయి.

ఇక నింటెండో తాళం. 1985లో అమెరికాలో అమ్మిన యంత్రంలో ఒక చిప్, ప్రతి క్యాట్రిడ్జులో దాని జంట చిప్ ఉండేవి. రెండూ కుదరకపోతే యంత్రం క్షణక్షణం ఆగి మొదలవుతుంది, దీపం ఆరి వెలుగుతుంది. బయటి సంస్థ ఏడాదికి ఐదు ఆటలకు మించి తేకూడదని షరతు. పరిశ్రమను నిలబెట్టింది ఇదేనంటారు. కానీ 1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో ఫామికామ్‌లో ఆ చిప్ లేనే లేదు. అక్కడ అది ఇంటింటికీ చేరింది. తాళం లేకుండానే గెలిచిన యంత్రాన్ని వదిలేసి, గెలుపంతా తాళానిదే అనడం నాకు న్యాయంగా తోచదు.

అందుకే నా దృష్టిలో ఈ చరిత్రకు మలుపు 1992. సెగా యంత్రానికి లైసెన్సు లేకుండా ఆటలు చేయాలనుకున్న అకొలేడ్ సంస్థ ఇంజినీర్లు సెగా ఆటలు మూడు కొన్నారు. వాటిలోని ప్రోగ్రాంను విప్పి కాగితాల మీద అచ్చువేసుకుని, మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతికారు. కొత్త యంత్రం తలుపు తీయడానికి కావలసింది ఇరవై, ఇరవై అయిదు బైట్ల ముక్క. అందులో ‘సెగా’ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. సెగా అది కాపీ అంది, కింది కోర్టు ఒప్పుకుంది. ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పని చేసే తీరును తెలుసుకోవడానికి మరో దారి లేనప్పుడు విప్పి చూడటం న్యాయమైన వాడకమేననీ, కొత్త ఆటలు పుట్టడమే చట్టం కోరుకునేదనీ తీర్పు సారాంశం. హద్దు కూడా అదే ఏడాది గీశారు. కాపీరైట్ కార్యాలయానికి అబద్ధం చెప్పి నింటెండో ప్రోగ్రాం ప్రతిని సంపాదించిన అటారీ గేమ్స్‌కు ఆ రక్షణ దక్కలేదు. శ్రమపడి తెలుసుకోవచ్చు, మోసం చేసి తెచ్చుకోకూడదు. ఇంతకన్నా సరైన గీత నాకు కనబడలేదు.

తర్వాతి ఎదుగుదల చాలావరకు ఇలా ఇతరులకు వదిలిన చోటులోంచే వచ్చింది. ‘హాఫ్-లైఫ్’ను అభిమానులు మార్చుకుంటే ‘కౌంటర్-స్ట్రైక్’ పుట్టింది. ‘వార్‌క్రాఫ్ట్ 3’ లోంచి ‘డోటా’ వచ్చింది, దాని బాటలో ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’. కోట్లమంది ఆడే ఒక ఆటల జాతి హక్కుదారులు చూసీచూడనట్టు ఊరుకోవడం వల్ల బతికింది.

ఇప్పటి పరిస్థితి నాకు నచ్చడం లేదు. 1998 నాటి అమెరికా చట్టం కృతి మీద హక్కుతో ఆగక, డిజిటల్ తాళం తీయడాన్నే తప్పు చేసింది. 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో వందకు 87 ఇవాళ అంగట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. వాటిని పరిశోధకులకు దూరం నుంచి చూపనివ్వమని గ్రంథాలయాలు అడిగితే 2024 అక్టోబరులో కాపీరైట్ కార్యాలయం కాదంది. అదే ఏడాది యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేయడంతో డబ్బు పెట్టి కొన్న ‘ది క్రూ’ ఎవరూ ఆడలేని వస్తువైంది.

మన చట్టం ఈ విషయంలో కొంత మెరుగు. 1999 సవరణ ప్రోగ్రాంల మధ్య పొంతన కోసం విప్పి చూడటాన్ని అనుమతించింది. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం. స్క్రాబుల్‌ను పోలిన ‘స్క్రాబులస్’ ఆట కేసులో 2008లో ఢిల్లీ హైకోర్టు పేరు వాడకాన్ని ఆపింది గాని, స్క్రాబుల్ పలక మీద కాపీరైట్ ఉందనడానికి ఒప్పుకోలేదు. ఈ వెసులుబాట్లను పోగొట్టుకోకూడదు. ఆటలు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ తయారవుతున్నాయి, కానీ పుస్తకాలనూ పత్రికలనూ గ్రంథాలయాలకు అప్పగించమనే 1954 చట్టంలో వాటికి చోటు లేదు. ఇక్కడ విడుదలయ్యే ప్రతి ఆటా, సర్వర్ లేకుండా ఆడగలిగే రూపంలో, జాతీయ గ్రంథాలయంలో ఒక ప్రతిగా చేరేలా పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించాలి.