కాబట్ బొంత నుంచి డ్రైవాల్ దాకా: పక్కింటి గోడ కథ

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్న తెలుగువాళ్లు ఏదో ఒక రాత్రి పక్కింటితో ఉమ్మడిగా ఉన్న గోడను వేలితో తట్టి చూస్తారు. డొల్లగా మోగుతుంది. ఊళ్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడను అలా తడితే వేలు నొస్తుంది తప్ప గోడ ఉలకదు, పలకదు. ఆ మౌనమంతా దాని బరువులో ఉంది. గోడ బరువు రెట్టింపైతే దాన్ని దాటే శబ్దం అయిదారు డెసిబెల్స్ తగ్గుతుంది.

అమెరికా ఇల్లు మొదటినుంచీ తేలికే. సన్నని చెక్కలను మేకులతో బిగించి ఇల్లు నిలబెట్టే పద్ధతి 1830ల్లో షికాగోలో ఊపందుకుంది. భూకంపాలొచ్చే కాలిఫోర్నియాకు ఇటుక కన్నా అదే నయమైంది. అయినా చెక్కల మీద మందంగా మెత్తిన ప్లాస్టర్ గోడకు కొంత బరువిచ్చేది. 1894లో ఆగస్టీన్ సాకెట్ కాగితం, జిప్సం పొరలతో చేసిన పలకకు పేటెంట్ పొందాడు. ఇవాళ మనం డ్రైవాల్ అంటున్నదానికి మూలం అదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్లు గబగబా కట్టాల్సి వచ్చేసరికి ప్లాస్టర్ పని మూలపడింది, పలకలే మిగిలాయి.

చప్పుడును గోడలోనే ఆపాలన్న ఆలోచన మాత్రం అప్పటికే ఉంది. ఆ 1890ల్లోనే బోస్టన్‌లో సామ్యూల్ కాబట్ ఎండిన సముద్రపు గడ్డిని దళసరి కాగితాల మధ్య పరిచి, కుట్టి అమ్మాడు. దాని పేరే కాబట్స్ క్విల్ట్, అంటే కాబట్ బొంత. పాత చీరలు పొరలుగా వేసి అమ్మమ్మలు కుట్టే బొంత ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. గోడల్లో, నేలల్లో పరిచేవారు.

శబ్దాన్ని కొలిచే పని కూడా ఆ రోజుల్లోదే. 1895లో హార్వర్డ్ వాళ్లు ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని, ఆ చిక్కు విప్పే పనిని వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిపూట పక్కనున్న థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి, ఒక్కొక్కటే పెంచుతూ ప్రతిధ్వని ఎంతసేపట్లో చస్తుందో గడియారం పట్టుకుని కొలిచాడు. మెత్తలు గదిలోపలి ప్రతిధ్వనిని మింగుతాయి, గోడ దాటే చప్పుడును ఆపలేవు. ఈ తేడా తెలియక ఇప్పటికీ ఎంతోమంది గోడకు ఫోమ్ ముక్కలు అంటించి డబ్బు పోగొట్టుకుంటున్నారు. గోడను దాటే శబ్దాన్ని కొలవడానికి ఇల్లినాయిలో సాబిన్ కోసమే రివర్‌బ్యాంక్ ప్రయోగశాల కట్టారు. అది సిద్ధమయ్యాక ఎంతోకాలం గడవకముందే, 1919 జనవరిలో ఆయన పోయాడు. బంధువు పాల్ సాబిన్ ఆ పని అందుకున్నాడు.

బరువు పెంచడానికి వీల్లేనప్పుడు గోడను రెండుగా చీల్చడమే ఉపాయం. రెండు వరుసల చెక్కలు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, మధ్యలో ఫైబర్‌గ్లాస్ నింపుతారు. అటువైపు పలక అదిరినా ఆ అదురు ఇటు చేరడానికి దారి ఉండదు. ఇలాంటి గోడలను పోల్చే కొలమానమే ఎస్‌టీసీ. ఒంటి వరుస చెక్కల మామూలు గోడ 35 దగ్గర ఆగుతుంది. అవతల గట్టిగా మాట్లాడితే వినిపిస్తుంది. 1974లో కాలిఫోర్నియా రాష్ట్రం, వేర్వేరు ఇళ్ల మధ్య గోడకు 50 ఉండాలని, కట్టిన చోట కొలిస్తే 45 అయినా రావాలని నిబంధన పెట్టింది. శాన్ రామన్ నగరంగా ఏర్పడింది 1983లో. అక్కడి డొహర్టీ వ్యాలీ అపార్ట్‌మెంట్లన్నీ ఈ నిబంధన కింద లేచినవే.

మరి చప్పుడు ఎందుకొస్తోంది? ఎస్‌టీసీ లెక్క 125 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అంతకు దిగువనున్న సబ్‌వూఫర్ హోరు ఆ లెక్కలోకే రాదు. ఇంకోటి సందులు. మా హాల్లో బ్రేకర్ ఆపి, ప్లగ్ పాయింట్ మీది ప్లేటు విప్పి టార్చి వేశాను. డబ్బాకూ డ్రైవాల్‌కూ మధ్య వేలిగోరు దూరేంత ఖాళీ ఉంది, అందులోంచి పక్కింటి టీవీ మాటలు. గట్టిపడని అకూస్టిక్ సీలెంట్ చుట్టూ పూసి ప్లేటు బిగించాను. పక్కింటి కుక్కర్ ఇంకా కూస్తూనే ఉంది, ఎన్నో విజిలో మాత్రం ఇప్పుడు లెక్కకు అందడం లేదు.