రాజు ఉప్పు తిన్నవారి ఉత్తరం



“వాళ్ల ఉప్పు తిన్నాం, ఎదురెలా చెబుతాం?” అని మన ఊళ్లలో అంటుంటారు. ఈ మాట మనకొక్కరికే సొంతం కాదు. ఎజ్రా గ్రంథం 4వ అధ్యాయంలో ఒక సర్కారు ఉత్తరంలో దాదాపు ఇదే కనిపిస్తుంది.

పారసీక రాజైన మొదటి అర్తహషస్త క్రీ.పూ. 465 నుండి 424 వరకు ఏలాడు. యూదులు యెరూషలేము గోడలు తిరిగి కడుతున్నారని రెహూము, షిమ్షయి అనే అధికారులు ఆయనకు ఫిర్యాదు రాశారు. ఆ ఉత్తరం హెబ్రీలో లేదు. ఆ సామ్రాజ్యపు రాతకోతల భాషయైన అరామిక్‌లో ఉంది.

అరామిక్‌లో ఉప్పును ‘మెలహ్’ అంటారు. 14వ వచనంలో మనం ‘తిన్నాము’ అని చదివే చోట, మూలంలో తినడం అనే మాట లేదు. ‘మెలహ్’ నుండే పుట్టిన క్రియ ఉంది. రాజనగరు ఉప్పే మాలో కలిసిందన్నట్టు చెబుతున్నారు. రాజు మమ్మల్ని పోషిస్తున్నాడు, ఆయనకు కట్టుబడి ఉన్నాం అని దాని భావం.

మనం వాడే ‘సాలరీ’ వెనుక ఉన్న లాటిన్ మాట ‘సలారియం’లోనూ ఉప్పు ఉంది. రోమా సైనికులకు జీతంగా ఉప్పే ఇచ్చేవారని ప్రసంగాల్లో వింటుంటాం. నిజానికి వారి జీతం నాణేల్లోనే లెక్కకట్టేవారు. ఉప్పుకూ పోషణకూ ఉన్న చుట్టరికం మాత్రం ఆ మాటలో నిలిచిపోయింది.

సరే, ఆ అధికారులు తిన్న ఉప్పుకు ఏం చేశారు? పన్నులు రావని రాజును భయపెట్టి, తాకీదు తెచ్చుకొని, బలవంతంగా పని ఆపించారు. విశ్వాసం రాజుపట్ల, దెబ్బ పొరుగువారికి.

అదే గ్రంథం 7వ అధ్యాయం చూడండి. అర్తహషస్త ఎజ్రాకు దేవాలయ సేవ కోసం వెండి, గోధుమలు, ద్రాక్షారసం, నూనె ఇమ్మన్నాడు. ఒక్కొక్కదానికి 100 కొలతల హద్దు పెట్టాడు. ఉప్పుకు మాత్రం హద్దు పెట్టలేదు! ప్రతి నైవేద్యానికీ ఉప్పు చేర్చాలని లేవీయకాండము 2:13 చెబుతుంది. సంఖ్యాకాండము 18:19లో దేవుడు యాజకులతో చేసిన స్థిరమైన నిబంధనకు ఉప్పు పేరే ఉంది. రాజు ఉప్పు కూడా చివరికి దేవుని బలిపీఠానికే చేరింది.

పని ఇచ్చినవారికి నమ్మకంగా పనిచేద్దాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టవద్దు. అయితే గట్టు తగాదాలో అబద్ధసాక్ష్యం చెప్పమని ఎవరైనా మీకు ఉప్పు గుర్తుచేస్తే, మర్యాదగానే కాదనండి. ఆ ఉప్పుకు మన చెమట బాకీ, మన మనస్సాక్షి కాదు. అది అంతకుముందే దేవుని ఉప్పు నిబంధనలో ఉంది.

ప్రభువు మీకు ఆ ధైర్యం దయచేయును గాక. ఆమేన్.